ఋషిఋణం తీర్చుకునే దారి
(ఆలయ సంఘ వార్షికోత్సవ సభలో, మహిళా న్యాయవాదుల సేవాసంప్రదాయం గురించి చేసిన ప్రసంగ పాఠం)

ఈ గడ్డపై పుట్టి పెరిగినా అమ్మభాషను వదలక నేర్చుకొని, ఈ సభలో ముందు వరుసల్లో కూర్చున్న యువతీయువకులకు నా ఆశీస్సులు. ఈ నాలుగు మాటలూ ప్రధానంగా మీకోసమే.

వృత్తిలో ఉంటూ సమాజానికి ఏమి ఇవ్వగలమో చెప్పమని కార్యవర్గం వారు నన్ను కోరారు. నేను న్యాయవాద వృత్తిలో ఉన్నదానిని. కాబట్టి నాకు తెలిసిన దానినే మీ ముందుంచుతాను. మహిళా న్యాయవాదులు సంఘంగా ఏర్పడి, వెనుక వచ్చేవారికి చేయూతనిచ్చే సంప్రదాయం ఒకటి ఈ కాలిఫోర్నియాలోనూ, మన తెలుగునాటనూ ఉన్నది. దానిని గురించి మాట్లాడతాను.

మనిషి మూడు ఋణాలతో పుడతాడని మన పెద్దలు చెబుతారు. దేవఋణం యజ్ఞంతో తీరుతుంది. పితృఋణం సంతానంతో తీరుతుంది. ఋషిఋణం మాత్రం విద్యతో తీరుతుంది. ఈ మూడవ ఋణంలో ఒక విశేషం ఉన్నది. విద్య నేర్పిన గురువుకు ఆ విద్యనే తిరిగి ఇవ్వలేము. ఆయనకు అది ముందే ఉన్నది. నేర్చినదానిని మన తరువాతివారికి అందిస్తేనే ఆ బాకీ తీరుతుంది. అప్పు ఒకరి దగ్గర, చెల్లింపు మరొకరికి. న్యాయవాద వృత్తిలో స్త్రీలు నిలదొక్కుకున్న చరిత్ర అంతా ఈ లెక్క మీదనే నడిచిందని నా నమ్మకం.

ఆ చరిత్రలో మొదటి పుట మనకు ఇరవై మైళ్ల లోపునే ఉన్నది. శాన్ హోసే నగరంలో క్లారా షార్ట్‌రిడ్జ్ ఫోల్ట్జ్ అనే గృహిణి ఉండేది. అయిదుగురు పిల్లల తల్లి. భర్త విడిచి వెళ్లాడు. కుటుంబ పోషణకోసం న్యాయశాస్త్రం చదవాలనుకుంది. పేరుమోసిన ఒక న్యాయవాదిని తన కార్యాలయంలో చదువుకోనిమ్మని అడిగితే, స్త్రీకి ఇల్లే తగిన చోటని ఆయన తిరస్కరించాడు. మరొక న్యాయవాది చోటిచ్చాడు. ఆనాటి కాలిఫోర్నియా చట్టం ప్రకారం శ్వేతజాతి పురుష పౌరులకే న్యాయవాదులయ్యే అర్హత. ఆమె ఆ చట్టాన్నే మార్చడానికి పూనుకొని ముసాయిదా రాసింది. పాత్రికేయురాలైన లారా డి ఫోర్స్ గోర్డన్ మొదలైనవారు తోడు నిలిచారు. 1878లో ఆ బిల్లు నెగ్గింది. అదే సంవత్సరం సెప్టెంబరులో శాన్ హోసే కోర్టులో క్లారా ఫోల్ట్జ్ కాలిఫోర్నియా తొలి మహిళా న్యాయవాదిగా ప్రమాణం చేసింది.

మరుసటి ఏడు హేస్టింగ్స్ న్యాయకళాశాల ఆమెను, గోర్డన్‌ను తరగతి నుంచి పంపివేసింది. స్త్రీల పావడాల గలగలకు విద్యార్థుల ఏకాగ్రత చెదురుతుందట! ఇద్దరూ కలిసి దావా వేశారు. రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా వెళ్లి గెలిచారు. అయితే తెరిపించుకున్న ఆ కళాశాలలో చదువు పూర్తి చేసే తీరిక ఫోల్ట్జ్‌కు చిక్కలేదు. వాకిలి ఆమె తెరిచింది, లోపలికి నడిచినవారు ఇతరులు. తరువాత శాన్‌ఫ్రాన్సిస్కోలో స్త్రీలు న్యాయశాస్త్రం చదువుకునేందుకు పోర్షియా లా క్లబ్ అనే అధ్యయన బృందాన్ని కూడా ఆమే ఏర్పాటు చేసింది.

మీలో చాలామందికి 1893 అనగానే షికాగో సర్వమత మహాసభ, స్వామి వివేకానందుల ప్రసంగం గుర్తుకు వస్తాయి. అదే ప్రపంచ ప్రదర్శన సందర్భంగా, ఆ మహాసభకు కొద్ది వారాల ముందు న్యాయ సంస్కరణల మహాసభ కూడా జరిగింది. అందులో క్లారా ఫోల్ట్జ్ ఒక ప్రతిపాదన చేసింది. ప్రభుత్వం నేరారోపణ చేయడానికి తన ఖర్చుతో న్యాయవాదిని పెట్టుకుంటున్నప్పుడు, నిందపడిన పేదవాడి తరఫున వాదించడానికి కూడా తన ఖర్చుతో న్యాయవాదిని ఎందుకు పెట్టరాదు అన్నది ఆమె వాదన. ఇరవై ఏళ్లు గడిచాక, 1914లో లాస్ ఏంజెలిస్ కౌంటీలో దేశంలోనే మొదటి పబ్లిక్ డిఫెండర్ కార్యాలయం పనిచేయడం మొదలుపెట్టింది. ఈనాడు దేశమంతటా పేద ముద్దాయికి ప్రభుత్వ వ్యయంతో న్యాయవాది దొరకడం వెనుక ఈ తల్లి ఆలోచన కూడా ఉన్నది.

ఇక మన తెలుగునేలకు వద్దాం. 1909లో రాజమహేంద్రవరంలో పుట్టిన దుర్గాబాయమ్మగారి పేరు మీ తాతమ్మలకు బాగా తెలుసు. మీకు కూడా తెలియాలి. ఎనిమిదో ఏట పెళ్లి. తరువాత ఆ బంధం నుంచి తానే తప్పుకున్నది. చిన్నతనంలోనే బాలికలకు హిందీ పాఠశాల నడిపింది. 1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభల వేళ ఖద్దరు ప్రదర్శన ద్వారం దగ్గర నిలిచి, టిక్కెట్టు లేని జవహర్‌లాల్ నెహ్రూను లోపలికి పోనివ్వని బాలిక ఆమె. ఉప్పు సత్యాగ్రహం నాటినుంచి పలుమార్లు జైలుకు వెళ్లింది. అక్కడ, తమ తరఫున ఒక్క మాట చెప్పుకోవడం తెలియక శిక్షలు అనుభవిస్తున్న స్త్రీలను చూసింది. న్యాయశాస్త్రం చదవాలనే సంకల్పానికి ఆ అనుభవం బీజం వేసింది.

అయితే ఆమెకు బడి చదువే సరిగా లేదు. బెనారసు మెట్రిక్యులేషన్ పరీక్షకు పట్టుదలతో చదివి నెగ్గింది. పై చదువుకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వెళితే, స్త్రీలకు వసతిగృహం లేదన్నారు. ఆమె పత్రికలో ప్రకటన ఇచ్చి, తనలాగే చదవగోరిన అమ్మాయిలను కూడగట్టి, వసతిగృహాన్ని తామే ఏర్పాటు చేసుకున్నారు. ఈ ఒక్క సంఘటనను మీరు మనసులో ఉంచుకోవాలి. ‘నాకు ఒక గది ఇప్పించండి’ అని ఆమె అడుగలేదు. తన సీటుతో పాటు మరికొందరి సీట్లకు కూడా దారి చేసింది.

మద్రాసులో మెట్రిక్ పరీక్షకు చుట్టుపక్కల అమ్మాయిలకు పాఠాలు చెప్పడంతో మొదలైన పనే 1937లో ఆంధ్ర మహిళా సభ అయింది. తాను ఏ పరీక్షను దాటి వచ్చిందో, అదే పరీక్షకు ఇతరులను సిద్ధం చేసింది. 1942లో న్యాయశాస్త్ర పట్టం పొంది మద్రాసులో వృత్తి చేపట్టింది. రాజ్యాంగ సభలో సభ్యురాలయింది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలయింది. అదే సంవత్సరం చైనా పర్యటనలో అక్కడి కుటుంబ న్యాయస్థానాలను చూసి వచ్చి, మనకు కూడా అటువంటివి కావాలని న్యాయమూర్తులతోనూ, ప్రధానితోనూ వాదించింది. కుటుంబ న్యాయస్థానాల చట్టం 1984లో వచ్చింది. ఆమె 1981లోనే కన్నుమూసింది. మామిడి నాటినవారే పండు తినాలన్న నియమం లేదు గదా!

ఈ ఇద్దరి కథలూ విన్నారు. ఒకరికొకరు తెలియని ఈ ఇద్దరి జీవితాల్లో ఉన్న సామ్యం గమనించండి. ఇద్దరూ తాము గెలిచి ఊరుకోలేదు, గెలిచిన దారిని చదును చేశారు. వ్యక్తి ఒక్కరే ఆ పని చేస్తే అది ఆ వ్యక్తితోనే ఆగిపోవచ్చు. సంఘం చేస్తే తరతరాలు నడుస్తుంది. అందుకే శాన్‌ఫ్రాన్సిస్కోలో 1921లోనే క్వీన్స్ బెంచ్ పేరుతో మహిళా న్యాయవాదుల సంఘం వెలిసింది. 1974లో రాష్ట్రవ్యాప్తంగా కాలిఫోర్నియా విమెన్ లాయర్స్ ఏర్పడింది. మన ఫ్రీమాంట్ ఉన్న అలమీడా కౌంటీకి కూడా మహిళా న్యాయవాదుల సంఘం ఉన్నది. దక్షిణాసియా మూలాలున్న న్యాయవాదులకు ఉత్తర కాలిఫోర్నియాలో మరొక సంఘం ఉన్నది.

ఈ సంఘాలు ఏమి చేస్తాయని మీరు అడగవచ్చు. మన పంక్తి భోజనాల సామెత ఒకటి చెబితే సులభంగా బోధపడుతుంది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా ఫరవాలేదంటారు. న్యాయవాద వృత్తిలో చాలాకాలం అదే జరిగింది. తండ్రో మామో న్యాయమూర్తి అయిన యువకుడికి మంచి కార్యాలయంలో చోటు, పెద్ద కేసులో అవకాశం వాటంతట అవే నడిచి వచ్చేవి. వడ్డించే చోట తనవారు ఎవరూ లేని ఆడపిల్ల ఆకు ముందు కూర్చొని ఎదురుచూసేది. కడబంతిలో ఎవరున్నారో చూసి, వారి ఆకులో కూడా వడ్డించేవారిని నిలబెట్టడమే మహిళా న్యాయవాదుల సంఘం చేసే పని.

ఆ వడ్డన ఎంత చిన్నదో, ఎంత విలువైనదో చెబుతాను. కొత్తగా వచ్చిన అమ్మాయి మొదటి అర్జీని దాఖలు చేయడానికి ముందు అనుభవజ్ఞురాలు ఒక గంట కూర్చొని చదివి దిద్దుతుంది. ఏ న్యాయమూర్తి ముందు వాదనను క్లుప్తంగా చెప్పాలో, ఎక్కడ వివరంగా చెప్పాలో ముందుగా హెచ్చరిస్తుంది. జీతం అడగవలసిన చోట ఎంత అడగాలో చెబుతుంది. ప్రసవం తరువాత తిరిగి వృత్తిలోకి వచ్చేటప్పుడు ధైర్యం చెప్పడంతో ఆగక, తన దగ్గరి కేసులో కొంత పని అప్పగిస్తుంది. న్యాయమూర్తి పదవికి దరఖాస్తు ఎలా నింపాలో నేర్పే సదస్సులు కూడా ఉన్నాయి. సంవత్సరానికి ఒకసారి విందు చేసి, వచ్చిన ధనంతో న్యాయవిద్యార్థినులకు ఉపకారవేతనాలు ఇస్తారు. వీటిలో ఏదీ పత్రికకెక్కే వార్త కాదు. అయినా ఒక్కొక్క వృత్తి జీవితం ఇటువంటి పదిపన్నెండు గంటల సాయం మీదనే నిలబడుతుంది.

ఈ వృత్తిలో దారిచూపడం మర్యాదకే పరిమితం కాదు, కాలిఫోర్నియా చట్టంలో కూడా దానికి చోటున్నది. న్యాయకళాశాలకు వెళ్లకుండా, కనీసం అయిదేళ్ల అనుభవమున్న న్యాయవాది దగ్గర నాలుగేళ్లు శిష్యరికం చేసి, బార్ పరీక్ష రాయడానికి ఈ రాష్ట్రం నేటికీ అనుమతిస్తుంది. వారానికి 18 గంటలు చదవాలి, నెలనెలా గురువు పరీక్ష పెట్టాలి. ఇది మన గురుకుల పద్ధతికి దగ్గరి చుట్టమే. మరొక మాట. ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో న్యాయవాదిగా నమోదై, పెళ్లయి ఇక్కడికి వచ్చి, నా చదువు ఇక్కడ పనికిరాదని ఇంట కూర్చున్న సోదరీమణులు మనలో ఉన్నారు. విదేశంలో న్యాయవాదిగా నమోదై ఉన్నవారు ఇక్కడ మళ్లీ న్యాయకళాశాలలో చేరకుండానే కాలిఫోర్నియా బార్ పరీక్ష రాయవచ్చు. నమోదు కొనసాగుతూ ఉండాలి, తక్కిన నియమాలన్నీ పాటించాలి. పరీక్ష కఠినమైనదే. కాని తలుపు మూసి లేదు. ఈ సంగతి చెప్పేవారు లేకనే ఎన్నో పట్టాలు పెట్టె అడుగున ఉండిపోతున్నాయి.

దారి ఉన్నదనడానికి మనవారిలోనే నిదర్శనం కనబడుతున్నది. విజయవాడలో పుట్టి, ఉస్మానియాలో, తరువాత బోస్టన్‌లో చదివి, మన పొరుగున ఉన్న శాంతాక్లారా విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం అభ్యసించిన బాడిగ జయగారిని 2024 మే నెలలో శాక్రమెంటో కౌంటీ సుపీరియర్ కోర్టు న్యాయమూర్తిగా గవర్నరు నియమించారు. అంతకుముందు 2022 నుంచి ఆ కోర్టులోనే కమిషనరుగా పనిచేశారు. కుటుంబ న్యాయశాస్త్రంలో నిపుణురాలు. ప్రమాణ స్వీకార సభలో ఆమె తెలుగులో పలకరించినప్పుడు ఆ మాటలు విన్న ప్రతి తెలుగింటా సంతోషం వెల్లివిరిసింది. ఆ సంతోషం సహజమే. కాని చప్పట్లు కొట్టి ఊరుకుంటే సరిపోదు. ఆ పీఠం దాకా వెళ్లగలిగే మరో అమ్మాయి ఈ సభలోనే ఉండవచ్చు. ఆమెకు దారి చెప్పేవారు మనలో ఎవరు?

ఇప్పుడు ఇంటి విషయానికి వస్తాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మన ఆలయానికి వచ్చే కుటుంబాలు చదువుకున్నవి, సంపాదన ఉన్నవి. అయినా మనలో కొన్ని ఇళ్లలో స్త్రీలు భయంతో బతుకుతున్నారు. భర్త వీసా మీద ఆధారపడి వచ్చినవారు, చేతిలో డబ్బు లేనివారు, డ్రైవింగు రానివారు, పాస్‌పోర్టు మరొకరి బీరువాలో ఉన్నవారు. ‘ఫిర్యాదు చేస్తే నిన్ను దేశం నుంచి పంపివేస్తారు’ అన్న ఒక్క బెదిరింపు వారి నోరు మూయిస్తుంది. పండుగనాడు పట్టుచీర కట్టుకొని మన పక్కనే హారతి కళ్లకు అద్దుకొని వెళ్లే స్త్రీ మనసులో ఏమున్నదో మనకు తెలియదు.

ఆమెకు తెలియవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. గృహహింస నుంచి రక్షణ కోరుతూ కాలిఫోర్నియా కోర్టులో అర్జీ పెట్టుకోవడానికి రుసుము లేదు. వలస హోదా ఏదైనా ఆ రక్షణ కోరవచ్చు. హెచ్-4 వంటి వీసాపై ఉండి హింసకు గురైన జీవితభాగస్వామికి, నిర్ణీత అర్హతలుంటే సొంతంగా ఉద్యోగానుమతి కోరే వీలును సమాఖ్య చట్టం కల్పించింది. కొన్ని నేరాలకు బాధితులై, దర్యాప్తుకు సహకరించినవారికి యూ వీసా అనే మార్గం 2000 నాటి చట్టంతో ఏర్పడింది. ఇంగ్లీషు రానివారికి కోర్టు దుబాసీని ఏర్పాటు చేస్తుంది. తల్లి బాధను పన్నెండేళ్ల కొడుకు చేత ఇంగ్లీషులో చెప్పించవలసిన పని లేదు, చెప్పించకూడదు కూడా. ఎవరి పరిస్థితి వారిది గనుక ఏ అడుగైనా న్యాయవాదిని సంప్రదించాకే వేయాలి. అయితే అడగడానికి ఒక చోటున్నదని తెలియడమే సగం బలం.

అటువంటి చోట్లు మనకు దగ్గరలోనే ఉన్నాయి. 1976 నుంచి ఫ్రీమాంట్ కేంద్రంగా సేవ్ అనే సంస్థ గృహహింస బాధితులకు ఆశ్రయమిస్తున్నది. దక్షిణాసియా స్త్రీల కోసం 1991లో మైత్రి, 1992లో బర్క్‌లీలో నారిక ఆరంభమైనాయి. ఇరుగుపొరుగు స్త్రీలు కూడి ఫోను దగ్గర వంతులవారీగా కూర్చోవడంతో ఇటువంటి సంస్థలు నడక నేర్చాయి. ఆ ఫోనుకు వచ్చిన స్త్రీ కోర్టు మెట్లు ఎక్కవలసి వచ్చినప్పుడు ఉచితంగా వెంట నడిచేవారిలో మహిళా న్యాయవాదులు ఎందరో ఉన్నారు. సంవత్సరానికి కనీసం 50 గంటలు ఉచిత న్యాయసేవ చేయమని ఈ రాష్ట్ర బార్ ప్రతి న్యాయవాదికి ఉద్బోధిస్తుంది. ఇది నిర్బంధం కాదు, ధర్మం.

అయితే మన ఆలయానికి, మన ఆడపడుచుకు మధ్య ఒక అడ్డుగోడ ఉన్నది. ‘గుడిలో అందరూ తెలిసినవారే’ అన్నది మన బలం. కష్టంలో ఉన్న స్త్రీకి మాత్రం అదే భయం. ఈ పూట ఒకరి చెవిన వేసిన మాట రేపటికి నలుగురి నోళ్లలో నానుతుందని ఆమె వెరపు. న్యాయవాదికి చెప్పుకున్న మాట గోప్యంగా ఉంటుంది. ఆ న్యాయవాదిని చివరకు పెట్టుకోకపోయినా సరే, చెప్పిన మాటకు రక్షణ ఉంటుంది. మన సంప్రదాయంలో గుప్తదానానికి విశేష ఫలం చెప్పారు. హుండీలో ఎవరు ఎంత వేశారో మనం లెక్క అడగం. ఒకరి కష్టాన్ని విని, దానిని మన కడుపులోనే దాచుకోవడం కూడా గుప్తదానమే. ఇంకా చెప్పాలంటే, హుండీలో వేసేదానికన్నా కష్టమైన దానం.

కనుక ఈ వార్షికోత్సవ వేళ నా విన్నపాలు ఇవి. కార్యవర్గం వారు ఈ సహాయ సంస్థల పేర్లను, ఫోను నంబర్లను తెలుగులో అచ్చువేయించి, స్త్రీల విశ్రాంతి గదుల తలుపులకు లోపలి వైపున అంటించాలి. అక్కడైతే ఎవరి కంటా పడకుండా చదువుకోవచ్చు. కార్యాలయం బయట గోడకు అంటించిన కాగితాన్ని పదిమంది చూస్తుండగా ఎవరు చదువుతారు? మూడు నెలలకొకసారి ఒక ఆదివారం, మన ఆలయ సభ్యులైన న్యాయవాదులు ఒక మూసిన గదిలో కూర్చొని వచ్చినవారి సందేహాలు వినాలి. గృహ సమస్య అయినా, వీలునామా అయినా, వీసా అయినా ఒకే గదికి రావాలి. అప్పుడు ఆ గదిలోకి వెళ్లిన స్త్రీ ఎందుకు వెళ్లిందో ఎవరికీ తెలియదు. న్యాయవాదులు కానివారు న్యాయసలహా ఇవ్వడం చట్టరీత్యా తగదు. కాని పిల్లలను ఆడించవచ్చు, కారులో దింపవచ్చు, కోర్టులో వెనుక వరుసలో మౌనంగా తోడు కూర్చోవచ్చు.

ఇక యువతరమా! మీకు రెండు భాషలు వచ్చు. ఈ సంపద విలువ మీకు పూర్తిగా తెలియదు. తెలుగుకు కోర్టు దుబాసీలు సులభంగా దొరకరు. మీలో ఒకరు ఆ శిక్షణ పొందితే, ఒక తల్లి తన గోడును తన మాటల్లోనే చెప్పుకోగలుగుతుంది. న్యాయశాస్త్రం చదువుతున్నవారు ఈ ఏడే ఒక మహిళా న్యాయవాదుల సంఘంలో చేరండి. విద్యార్థి దశలోనే చేరవచ్చు. మిమ్మల్ని వెతుక్కుంటూ ఎవరైనా వస్తారని ఎదురుచూడక, ‘పది నిమిషాలు మాట్లాడవచ్చా అమ్మా’ అని మీరే అడగండి. అడిగితే కాదనేవారు ఈ వృత్తిలో తక్కువ. వృత్తిలో స్థిరపడినవారు సంవత్సరానికి ఒక్కరంటే ఒక్కరి చేయి పట్టుకోండి. వంద డాలర్ల విరాళం రాయడం మీకు తేలిక. మంగళవారం సాయంత్రం ఒక గంట ఇవ్వడం కష్టం. ఆ కష్టమైనదే ఇవ్వండి. అబ్బాయిలకు కూడా ఈ మాట వర్తిస్తుంది. క్లారా ఫోల్ట్జ్‌కు చోటిచ్చిన న్యాయవాది పురుషుడే గదా!

బృహదారణ్యకోపనిషత్తులో జనక మహారాజు సభలో గార్గి లేచి యాజ్ఞవల్క్యుని ప్రశ్నించింది. ఆమె ప్రశ్న ఎంత గొప్పదో మనకు పెద్దలు చెబుతూ వచ్చారు. ఆమె మాట్లాడటానికి చోటిచ్చిన సభ కూడా అంతే గొప్పది. మన ఆలయం అటువంటి సభ కావాలి. ఇక్కడ అమ్మాయి ప్రశ్న అడగగలగాలి, కోడలు కష్టం చెప్పుకోగలగాలి, నేర్చినవారు నేర్పగలగాలి. అలా జరిగిన నాడు మనం కట్టుకున్న ఈ రాజగోపురానికి సార్థకత చేకూరుతుంది.

స్వామి కృప ప్రతి ఇంటా నిండుగా ఉండుగాక. శుభం భూయాత్.